మెయిన్‌ఫ్రేమ్ డేటా తరలింపు: ముందు పేర్లు, ఆ తరువాతే డిస్కులు

సంపాదకులకు,

అయ్యా,

ఇటీవల మీ పత్రిక సాంకేతిక పుటలో, పెద్ద కంప్యూటర్లలోని డేటాను కొత్త నిల్వ పద్ధతికి మార్చడాన్ని గురించి చిన్న వ్యాసం ఒకటి వచ్చింది. ఆ పని ఒక శని, ఆదివారాలలో ముగించదగినదన్న అర్థం వచ్చే వాక్యం అందులో ఉంది. ఆ మాట పూర్తిగా తప్పని నేననను. డేటాను ఒక డిస్కు నుంచి మరొక డిస్కుకు కదిలించడమే పని అనుకుంటే రెండు రోజులు చాలవచ్చు. అయితే మెయిన్‌ఫ్రేమ్ అనే ఆ పెద్ద కంప్యూటర్ మీది డేటాబేసును వ్యవస్థే నిర్వహించే నిల్వలోకి తీసుకుపోవడంలో కదిలించడం చివరి అంకం మాత్రమే. దానికి ముందు నెలల తరబడి సాగవలసిన పని మరొకటి ఉన్నదనీ, ఆ పనికి డిస్కులతో కంటె పేర్లతోనూ మనుషులతోనూ సంబంధం ఎక్కువనీ చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనది, మన్నించగలరు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద డీబీ2 డేటాబేసులు చూసుకుని, ఉద్యోగం చాలించుకుని గుంటూరు చేరినవాణ్ణి. ఈ సంగతి మన ఊరి పత్రికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అమెరికా, యూరప్ దేశాల బ్యాంకుల, బీమా సంస్థల మెయిన్‌ఫ్రేములను హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో కూర్చుని రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండేవారిలో గుంటూరు, విజయవాడల చుట్టుపక్కల కాలేజీలలో చదివిన పిల్లలు చాలామంది ఉన్నారు. మొన్న సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు వారిలో ఒకడు. "మామయ్యా, మా క్లయింటు డీబీ2 అంతా ఎస్ఎమ్ఎస్ కిందికి మార్చాలట, ప్లాను నన్ను రాయమన్నారు" అంటూ ల్యాప్‌టాప్ తెరిచి ఒక పట్టిక చూపించాడు. ఏ వాల్యూమ్‌ను (డిస్కును) ఏ రాత్రి ఎన్ని గంటలకు కాపీ చేయాలో నిమిషాలతో సహా అందులో ఉంది. డేటాసెట్ల పేర్లను గురించి, అంటే మెయిన్‌ఫ్రేమ్ మీది ఫైళ్ళ పేర్లను గురించి, మాత్రం ఒక్క వరుస కూడా లేదు. మీ వ్యాసంలోని వాక్యమూ అతని పట్టికా ఒకే పొరపాటు నుంచి పుట్టినట్టు నాకు తోచింది.

ఇక్కడ ఎస్ఎమ్ఎస్ అంటే సెల్‌ఫోనులో వచ్చే సందేశం కాదు. డిస్కుల మీద ఏది ఎక్కడ ఉండాలో, ఎంతకాలం ఉండాలో, ఎప్పుడు బ్యాకప్ తీయాలో మనుషులు ఒక్కొక్కటిగా చెప్పనక్కరలేకుండా, ముందే రాసిపెట్టిన నియమాల ప్రకారం ఆపరేటింగ్ సిస్టమే నిర్ణయించే ఏర్పాటు అది. 1980ల చివరి నుంచీ ఐబీఎం మెయిన్‌ఫ్రేములలో ఉన్నదే గాని కొత్తది కాదు. మన జిల్లావారికి దీన్ని వివరించడం చాలా తేలిక. మిర్చి రైతు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి "నా టిక్కీలు రెండో గదిలో, మూడో అంతస్తులో, ఎడమవైపు పెట్టండి" అనడు. సరుకు తేజానా, 334నా, బ్యాడిగా, ఎన్ని టిక్కీలు, ఎంతకాలం ఉంచాలి అన్నంతవరకే చెప్పి, లాట్ నంబరు వేయించి, బాండు తీసుకుని ఇంటికి పోతాడు. ఏ గదిలో పెట్టాలన్నది స్టోరేజీవారి పని. కావలసిన రోజున బాండు చూపిస్తే సరుకు బయటికి వస్తుంది. ఎస్ఎమ్ఎస్ చేసేదీ ఇదే. అయితే ఈ ఏర్పాటంతా లాట్ నంబరు మీద ఆధారపడి నడుస్తుందన్నది మరువరాదు. టిక్కీ మీద గుర్తు లేకపోయినా, రెండు లాట్లకు ఒకే గుర్తు పడినా, ఎంత చల్లని గది ఉండీ ప్రయోజనం లేదు.

డీబీ2ను ఐబీఎం 1983లో ప్రకటించింది. ఆనాడు డేటాను ఎక్కడ పెట్టాలో చేత్తో నిర్ణయించుకోవడానికి మంచి కారణమే ఉండేది. డిస్కు అంటే నిజంగా తిరిగే డిస్కు. ఒకసారి ఒక్క పనే అందుకునేది. టేబుల్ (డేటా ఉండే పట్టిక), దాని ఇండెక్స్ (అందులో వెతకడానికి వాడే సూచిక) ఒకే వాల్యూమ్ మీద పడితే రెంటికోసం చదివే తల అటూ ఇటూ పరుగెత్తి పని మందగించేది. అందుకని మేము టేబుల్‌ను ఒకచోట, ఇండెక్స్‌ను ఇంకొకచోట, ముఖ్యమైన పార్టిషన్లను, అంటే పెద్ద టేబుల్ ముక్కలను, విడివిడిగా, వాల్యూమ్ నంబర్లు కంఠతా పట్టి మరీ పెట్టుకునేవాళ్ళం. 1989లో వచ్చిన 3390 డిస్కులలో మూడో మోడల్ వాల్యూమ్‌కు 3,339 సిలిండర్లు, సుమారు 2.8 గిగాబైట్లు. ఆ లెక్క నేటికీ నిలిచింది గాని ఆ డిస్కు నిలవలేదు. ఇప్పుడు సిస్టమ్‌కు 3390 అని కనిపించేది నిల్వ పెట్టె వేసుకున్న వేషం మాత్రమే. లోపల ఒక వాల్యూమ్‌లోని డేటా అనేక డ్రైవుల మీద చెల్లాచెదురుగా పరుచుకుని ఉంటుంది. ఒకే వాల్యూమ్‌కు ఒకేసారి అనేక పనులు పంపే వీలు కూడా 1999లో వచ్చిన నిల్వ పెట్టెలతో ఏర్పడింది. కాబట్టి ఫలానా టేబుల్ ఫలానా వాల్యూమ్ మీదే ఉండాలని ఇంకా పట్టుబట్టే డీబీఏను (డేటాబేసు నిర్వాహకుణ్ణి) చూస్తే నాకు జాలి వేస్తుంది. ఆయన కాపలా కాస్తున్న గోడ ఏనాడో కూలిపోయింది.

మార్చకుండా నెట్టుకురావడమూ ఇప్పుడు కుదరదు. నాలుగు గిగాబైట్లకు మించిన డీబీ2 డేటాసెట్ కావాలంటే అది ఎక్స్‌టెండెడ్ అడ్రసబిలిటీ (అంత పెద్ద సైజుకు అనుమతి) ఉన్న డేటా క్లాస్‌తో (డేటాసెట్ రూపురేఖల నియమంతో) ఎస్ఎమ్ఎస్ కింద పుట్టవలసిందే. డీబీ2 పదో వెర్షన్ 2010లో వచ్చింది. ఆ వెర్షన్ నుంచి డీబీ2 తన సొంత క్యాటలాగునూ డైరెక్టరీనీ, అంటే తన వివరాలు తానే రాసుకునే చిట్టాలను, ఎస్ఎమ్ఎస్ కిందే ఉంచమంటోంది. డేటాబేసు మొత్తాన్ని ఒక్క ఆదేశంతో బ్యాకప్ తీసే సౌకర్యం ఎనిమిదో వెర్షన్‌తో వచ్చింది. అది కూడా ఎస్ఎమ్ఎస్ కాపీ పూల్స్ (కలిపి ఒకేసారి కాపీ తీయవలసిన వాల్యూమ్‌ల గుంపుల జాబితాలు) ఉన్నచోటనే పనిచేస్తుంది. పెళ్ళికి ఒప్పుకున్నాక ముహూర్తానికి తర్జనభర్జన పడినట్టు, కొన్ని సంస్థలు క్యాటలాగును మాత్రం మార్చి, తమ టేబుళ్ళను పాత పద్ధతిలోనే ఏళ్ళ తరబడి ఉంచుకుంటున్నాయి.

ఇక ప్లానులో మొదట తెమలవలసినది ఒక మాట తికమక. డీబీ2లో స్టోరేజ్ గ్రూపు అనేది ఒకటుంది. ఎస్ఎమ్ఎస్‌లోనూ స్టోరేజ్ గ్రూపు అనేది ఒకటుంది. పేరు ఒకటే గాని రెంటికీ చుట్టరికం లేదు. మొదటిది డీబీ2 క్యాటలాగులో డీబీఏ సృష్టించుకునే పేరు, రెండోది స్టోరేజీ నిర్వాహకుడు కూర్చే వాల్యూమ్‌ల గుంపు. డీబీ2 గ్రూపులో వాల్యూమ్‌ల పేర్లు తీసివేసి నక్షత్ర గుర్తు పెడితే, "ఎక్కడ పెట్టాలో నేను చెప్పను, నీవే చూసుకో" అని ఎస్ఎమ్ఎస్‌కు అప్పగించినట్టు. తొమ్మిదో వెర్షన్ నుంచి అయితే వాల్యూమ్‌ల ప్రసక్తే లేకుండా ఎస్ఎమ్ఎస్ క్లాసుల పేర్లు అక్కడే రాసే వీలుంది. ఈ ఇద్దరు నిర్వాహకులు ఒకే బల్ల దగ్గర కూర్చుని, స్టోరేజ్ గ్రూపు అన్న ప్రతిసారీ ఎవరి గ్రూపో చెప్పి మరీ మాట్లాడాలన్నది నేను పెట్టుకున్న నియమం. వినడానికి చాదస్తంగా ఉంటుంది. ఆ చాదస్తం లేక, ఒకరు ఒక గ్రూపు అనుకుని, మరొకరు ఇంకొకటనుకుని, గంటన్నర సేపు ఏకాభిప్రాయంతో మాట్లాడుకున్న సమావేశంలో నేనూ ఉన్నాను.

తరువాతిది జాబితా. అసలు పని ఇక్కడే ఉంది. సిస్టమ్‌లోని ప్రతి వాల్యూమ్ మీదా ఏమేమి డేటాసెట్లున్నాయో డీకలెక్ట్ అనే ఆదేశంతో రాబట్టవచ్చు. డీబీ2 తన వంతుగా ఏ పార్టిషన్‌ను ఏ గ్రూపులో సృష్టించిందో తన క్యాటలాగు పట్టికలలో రాసుకుంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. అప్పుడు రకరకాల చిత్రాలు బయటపడతాయి. డీబీ2 తానే పుట్టించి తానే తీసివేసే డేటాసెట్లు కొన్ని, ఎవరో డీబీఏ పదిహేనేళ్ళ కిందట తన చేత్తో నిర్వచించుకున్నవి కొన్ని ఉంటాయి. మొదటి రకాన్ని డీబీ2 చేతే మార్పించవచ్చు. రెండో రకానికి మన చెయ్యి పడక తప్పదు. గ్రూపు పేరు చెప్పకుండా సృష్టించినందువల్ల డీబీ2 సహజ గ్రూపు సిస్‌డీఫాల్ట్‌లో వచ్చి పడినవి మరికొన్ని. వీటన్నిటికంటె చికాకు పెట్టేవి సిస్టమ్ క్యాటలాగులో, అంటే ఏ డేటాసెట్ ఏ వాల్యూమ్ మీద ఉందో ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకునే జాబితాలో (ఇది డీబీ2 క్యాటలాగు కాదు), లేని డేటాసెట్లు. ఎస్ఎమ్ఎస్ కింద ఉన్న ప్రతి శాశ్వత డేటాసెట్ క్యాటలాగులో నమోదై ఉండాలన్నది మినహాయింపు లేని నియమం. పాత పద్ధతిలో ఒకే పేరుతో ఒక డేటాసెట్ ఈ వాల్యూమ్ మీద, మరొకటి ఆ వాల్యూమ్ మీద, ఒకటి క్యాటలాగులోనూ మరొకటి దాని వెలుపలా హాయిగా బ్రతికేవి. కొత్త పద్ధతిలో ఇద్దరిలో ఒకరే ఉండాలి. ఏది అసలు, ఏది నకలు? తెలిసినవారు ఉద్యోగం మానేసి ఎక్కడ ఉన్నారో తెలియదు. ఏమీ తేల్చుకోలేక, ఖాళీ చేసి ఆరేళ్ళయిన ఇంటి అటక మీది ట్రంకుపెట్టెలా దాన్ని అక్కడే ఉంచేయాలనిపిస్తుంది. కాని ఆ వాల్యూమ్‌ను మార్చబోయిన రాత్రి ఆ పెట్టే కాళ్ళకు అడ్డం పడుతుంది.

జాబితా తరువాత పేర్లు. ఒక డేటాసెట్ ఎస్ఎమ్ఎస్ కిందికి రావాలా వద్దా, వస్తే ఏ గుంపులోకి అన్నది ఏసీఎస్ రొటీన్లు అనే నాలుగు చిన్న ప్రోగ్రాములు నిర్ణయిస్తాయి. మొదట డేటా క్లాస్, అంటే రూపురేఖలు. తరువాత స్టోరేజ్ క్లాస్, అంటే ఎంత వేగం, ఎంత భద్రత కావాలన్నది. ఆ క్లాస్ ఖాళీగా ఉంటే డేటాసెట్ పాత పద్ధతిలోనే ఉండిపోతుంది. ఆ పైన మేనేజ్‌మెంట్ క్లాస్, అంటే ఎన్నాళ్ళుంచాలి, ఎప్పుడు పక్కకు తీయాలి, బ్యాకప్ ఎప్పుడు అన్న సంగతి. చివరకు స్టోరేజ్ గ్రూపు. జేసీఎల్ (పనిని నడిపే ఆదేశాల పత్రం) రాసినవాడు తన ఇష్టప్రకారం ఏ క్లాసు పేరు రాసినా కొట్టివేసి తాను అనుకున్నదే ఇచ్చే అధికారం ఈ రొటీన్లకుంది. అయితే ఈ నలుగురు గుమాస్తాలకూ డేటాసెట్ లోపలి సంగతి తెలియదు. వాళ్ళు చూసేది ముఖ్యంగా పేరును.

మా బ్రాడీపేటలో 4/14 అని రాస్తే చాలు, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని కొత్త పోస్టుమాన్‌కైనా అర్థమవుతుంది. చిరునామా అంటే అలా ఉండాలి. డీబీ2 డేటాసెట్ పేరులో మన ఇష్టానికి వదిలిన భాగాలు మూడే: మొదటి భాగం, డేటాబేసు పేరు, టేబుల్‌స్పేస్ (టేబుల్ డేటా ఉండే చోటు) పేరు. మిగతావి డీబీ2 పెట్టే గుర్తులు. అసలు టేబుల్ పేరు అందులో రానే రాదు. మొదటి భాగం ప్రొడక్షన్‌కూ (నిజమైన వ్యవహారాలు నడిచే డేటాబేసుకూ) టెస్టుకూ ఒకటే పెట్టుకున్న సంస్థలను నేను చూశాను. అటువంటి చోట ఏసీఎస్ రొటీన్‌కు కోటి ఖాతాల టేబుల్‌కూ, కొత్తగా చేరిన కుర్రవాడు ప్రయోగానికి చేసుకున్న టేబుల్‌కూ తేడా తెలిసే మార్గం లేదు. డేటాబేసు పేరు చెప్పకుండా టేబుల్ సృష్టిస్తే డీబీ2 తానే డీఎస్ఎన్ తరువాత ఐదంకెలు తగిలించి ఒక పేరు పెడుతుంది. ఆ ఐదంకెల నుంచి గుమాస్తా ఏం గ్రహించాలి? కాబట్టి పేర్ల క్రమం సరిగా లేనిచోట, నిల్వ మార్పు కంటె ముందు పేర్ల మార్పు ఒక ప్రత్యేకమైన పనిగా ప్లానులోకి రావాలి. దీన్ని ఎవరూ ఇష్టపడరు. ప్రతి మేనేజరూ "అది తరువాత చూద్దాం" అంటాడు.

పేర్లలో ఇంకొక చిన్న ఉచ్చు ఉంది. డీబీ2 డేటాసెట్ పేరులో ఐ0001 అనే ముక్క ఒకటి వస్తుంది. ఏడో వెర్షన్ నుంచి, టేబుల్ వాడుకలో ఉండగానే దాన్ని సర్దే రీఆర్గ్, జే0001 పేరుతో నకలు తయారుచేసి, పని ముగిశాక పాతదానికి బదులు కొత్తదాన్నే వాడుకలో పెడుతుంది. ఆ తరువాతి రీఆర్గ్‌లో మళ్ళీ ఐ0001 వస్తుంది. రొటీన్ రాసినవారు ఐ0001 ఉన్న పేర్లను మాత్రమే పట్టుకునేలా నియమం పెడితే, మొదటి రీఆర్గ్ జరిగిన రాత్రి సగం డేటాబేసు జల్లెడలోంచి జారి ఎక్కడో పడుతుంది. ఆ నకలుకు కూడా స్థలం కావాలన్నది దీనికి అనుబంధం. రీఆర్గ్ నడిచే ఆ కొన్ని గంటలు అసలూ నకలూ రెండూ ఉంటాయి కనుక, గుంపులో ఖాళీని నేటి డేటా లెక్కతో గాక అతి పెద్ద టేబుల్ రెట్టింపయ్యే లెక్కతో చూసుకోవాలి.

మేనేజ్‌మెంట్ క్లాస్ దగ్గరికి వచ్చేసరికి నాకు నేను స్వయంగా చూసిన ఒక రాత్రి గుర్తుకు రాక మానదు. నేను పనిచేసిన ఒక విదేశీ సంస్థలో, పేరు అనవసరం, తరలింపు బ్రహ్మాండంగా జరిగిందని అందరం మిఠాయిలు పంచుకున్నాం. స్టోరేజీవారు తమ అలవాటు ప్రకారం, కొన్ని రోజులు ఎవరూ ముట్టని డేటాసెట్‌ను హెచ్ఎస్ఎమ్ అనే ప్రోగ్రాము పక్కకు తీసి, మొదట కుదించి డిస్కు మీద, ఆ తరువాత టేపు మీద పెట్టేలా ఒక క్లాస్ ఇచ్చారు. మామూలు ఫైళ్ళకు అది మంచి ఏర్పాటే. డీబీ2 తెరిచి ఉంచిన డేటాసెట్‌ను హెచ్ఎస్ఎమ్ ముట్టుకోదు గదా అని మేమూ నిశ్చింతగా ఉన్నాం. కాని నిర్వహణ కోసం డీబీ2ను ఆపి మళ్ళీ లేపాక, ఎవరూ చదవని టేబుల్ మూసే ఉంటుంది. మూడు నెలలకొకసారి వడ్డీ లెక్కకట్టే సమయంలో మాత్రమే చదివే టేబుళ్ళు కొన్ని ఆ విధంగా ఒక్కొక్కటే టేపుల మీదికి వెళ్ళిపోయాయి. క్వార్టర్ ముగిసిన రాత్రి జాబు మొదలైంది. డీబీ2 ఒక్కొక్క పార్టిషన్‌ను వెనక్కి తెమ్మంటుంది. టేపు డ్రైవుల దగ్గర వరుస పెరుగుతుంది. వెనక్కి వచ్చేదాకా ఎంతసేపు ఆగాలన్నదానికి డీబీ2లో ఒక విలువ ఉంది. మార్చకపోతే అది 120 సెకండ్లు. ఆ రెండు నిమిషాలు దాటగానే వనరు అందుబాటులో లేదంటూ మైనస్ 904 లోపం. జాబు పడిపోతుంది. మళ్ళీ పెడతాం, ఇంకో పార్టిషన్ దగ్గర మళ్ళీ పడుతుంది. తెల్లవారేదాకా అదే తంతు.

ఆ రాత్రి ఎవరి తప్పు అన్నది మరునాడు పెద్ద చర్చ అయింది. స్టోరేజీవారు నియమం ప్రకారమే చేశారు, డీబీఏలం మా వంతు చేశాం. టేబుల్‌ను ఎంత తరచుగా చదువుతారని దాన్ని వాడే విభాగాన్ని ఏ ఒక్కరమూ అడగలేదు. ఆ ప్రశ్నకు ప్లానులో గడి లేదు. ప్రొడక్షన్ టేబుళ్ళ గుంపులో పక్కకు తీయడం అనేది ఉండనే ఉండరాదని, ఆ మేరకు మేనేజ్‌మెంట్ క్లాస్‌లోనూ స్టోరేజ్ గ్రూపులోనూ రెండుచోట్లా కట్టడి చేయాలని నేను ఆ నాటి నుంచి వాదిస్తున్నాను. టెస్టు డేటాబేసులను పక్కకు తీసినా ఫరవాలేదు. సోమవారం ఉదయం కుర్రవాళ్ళు కాఫీ తాగి వచ్చేలోపు అవి వెనక్కి వస్తాయి.

లాగ్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. డీబీ2 తన ఆక్టివ్ లాగ్‌ను (జరిగిన ప్రతి మార్పునూ రాసుకునే దినచర్యను), బీఎస్‌డీఎస్ అనే తన చిట్టాను రెండేసి ప్రతులుగా రాసుకుంటుంది, ఒకటి పోతే మరొకటి ఉండాలని. ఎస్ఎమ్ఎస్‌కు ఈ జంట సంగతి తనంత తాను తెలియదు. ఖాళీ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ పెడుతుంది కనుక రెండు ప్రతులూ ఒకే వాల్యూమ్ మీద పడే అవకాశం ఉంది. రెండు ప్రతులకు రెండు వేరువేరు గుంపులు పెట్టడం అన్నిటికంటె సరళమైన ఉపాయం. ఆర్కైవ్ లాగ్‌లకూ (నిండిన లాగ్‌ల ప్రతులకూ), ఇమేజ్ కాపీలకూ (టేబుల్‌స్పేస్‌ల బ్యాకప్‌లకూ) ఇదే జాగ్రత్త అవసరం. మొదటి ప్రతీ రెండో ప్రతీ వేరు డిస్కుల మీదే పుట్టినా, హెచ్ఎస్ఎమ్ వాటిని సర్దుతూ రెంటినీ ఒకే టేపు మీద పేర్చితే, ఆ టేపు చెడిన నాడు రెండు ప్రతులున్నాయన్న ధీమా మిగలదు.

కదిలించడానికి రెండు దారులున్నాయి. వాల్యూమ్‌ను ఉన్నచోటనే ఉంచి కన్వర్ట్‌వీ అనే ఆదేశంతో దానిపై ఉన్నవాటన్నిటినీ ఎస్ఎమ్ఎస్ కిందికి తేవడం ఒకటి. దీనికి డేటా కదలదు, త్వరగా అవుతుంది. కాని ఆ వాల్యూమ్ మీద డీబీ2 వీ, ఇతరులవీ కలగాపులగంగా ఉంటే ఆ గందరగోళమంతా అలాగే కొత్త ఇంట్లోకి వస్తుంది. పైగా ఒక డేటాసెట్ రెండు మూడు వాల్యూమ్‌ల మీద పరుచుకుని ఉంటే అవన్నీ ఒకే గుంపులో ఉండాలి. రెండోది, కొత్త గుంపు వాల్యూమ్‌లను ఖాళీగా సిద్ధం చేసి, డీబీ2 గ్రూపులో నక్షత్రం పెట్టి, ఎలాగూ జరగవలసిన రీఆర్గ్ జరిగినప్పుడు ఒక్కొక్క టేబుల్‌స్పేస్ తనంత తానే కొత్తచోట పుట్టేలా వదలడం. డీబీ2 నిర్వహించే డేటాసెట్లకు రీఆర్గ్‌తోనే గాక రికవర్ (బ్యాకప్ నుంచి తిరిగి తేవడం), లోడ్ రీప్లేస్ (డేటా అంతా కొత్తగా నింపడం) అనే వాటితో కూడా ఇది జరుగుతుంది. నాకు రెండో దారి ఇష్టం. దీనికి ప్రత్యేకంగా సేవ ఆపనక్కరలేదు, ఏదైనా తేడా వస్తే ఒక టేబుల్ దగ్గరే తెలిసిపోతుంది. రీఆర్గ్ ఎన్నడూ ఎరుగని టేబుళ్ళను మాత్రం చివరలో టేబుల్‌స్పేస్ ఆపి, చేత్తో కదిలించుకోవాలి. ఇలా చేస్తే మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. శని, ఆదివారాల లెక్కలో ఇది ఇమడదు.

వరుస విషయంలో కూడా నాదొక పట్టుదల ఉంది. మొదట ఇమేజ్ కాపీలు, ఆర్కైవ్ లాగ్‌లు. ఇవి రోజూ కొత్తగా పుడతాయి, పాతవి గడువు తీరి వాటంతటవే పోతాయి, కనుక దేన్నీ కదిలించకుండానే కొద్ది వారాలలో ఆ భాగం మారిపోతుంది. ఆపై టెస్టు డేటాబేసులు, ఆపై ప్రొడక్షన్‌లో ఒక్కొక్క అప్లికేషన్, అన్నిటి చివర డీబీ2 క్యాటలాగు, డైరెక్టరీ (అవి ఇంకా మారి ఉండకపోతే), లాగ్‌లు. ప్రతి మెట్టుకూ ముందు ఎస్ఎమ్ఎస్ కాన్ఫిగరేషన్ ప్రతి ఒకటి, పాత రొటీన్ల మూలం ఒకటి పదిలపరచాలి. జాబితాలో తేలిన నిజమైన పేర్లన్నిటినీ రొటీన్ల చేత ముందే పరీక్ష చేయించి, ఏ పేరుకు ఏ క్లాస్ వచ్చిందో కాగితం మీద చూసుకునే సౌకర్యం సిస్టమ్‌లోనే ఉంది. దాన్ని వాడేవారు నాకు తక్కువగా కనిపించారు.

గ్యారంటీడ్ స్పేస్ అనే ఒక వెసులుబాటును గురించి చెప్పి ముగిస్తాను. స్టోరేజ్ క్లాస్‌లో దాన్ని ఒప్పుకుంటే, ఎస్ఎమ్ఎస్ కింద ఉంటూనే డీబీఏ తనకు కావలసిన వాల్యూమ్ పేరు చెప్పవచ్చు, ఆ మాట చెల్లుతుంది. లాగ్‌ల వంటి ఏ కొద్దిపాటి చోట్లనో ఇది అవసరం. కాని ప్లాను చర్చలలో సీనియర్లయిన డీబీఏలు దీన్ని టేబుళ్ళన్నిటికీ కావాలంటారు. పగ్గాలు పాలేరు చేతికిచ్చి ములుగర్ర తమ దగ్గరే ఉంచుకున్నట్టుంటుంది. పైపెచ్చు, అనేక వాల్యూమ్‌ల డేటాసెట్‌కు ఇది ప్రతి వాల్యూమ్ మీదా మొదటి కేటాయింపు మొత్తాన్ని ముందుగానే పట్టి ఉంచుతుంది కనుక స్థలం వృథా. ఆ పెద్దమనుషులలో ఒకప్పుడు నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకున్నదనుకుంటాను.

మా మేనల్లుడు ఆ పట్టికను పక్కనపెట్టి, ముందు కన్వర్ట్‌వీ ఆదేశాన్ని టెస్ట్ అన్న పదం జోడించి నడిపించాడు. అలా నడిపితే ఏదీ మారదు, మార్చబోతే ఏది అడ్డం వస్తుందో మాత్రం చెబుతుంది. నిన్న రాత్రి ఫోను చేశాడు. మొదటి పది వాల్యూమ్‌లలోనే క్యాటలాగులో లేని డేటాసెట్లు పేజీలకు పేజీలు వచ్చాయట. వాటిలో కొన్నింటి పేర్ల మొదటి భాగం ఇప్పుడెవరికీ తెలియని ఒక పాత విభాగానిదట. ఆ విభాగంలో ఎప్పుడో పనిచేసినవారిని వెతికి పట్టుకోవడానికి ఇప్పుడు ఆ క్లయింటు దగ్గర ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించారు.

ఇట్లు,
విశ్రాంత డేటాబేసు నిర్వాహకుడు,
బ్రాడీపేట, గుంటూరు.
(పేరు ప్రచురించవద్దని మనవి.)